వెలి – వెలుగు: యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో చూపు, ఎరుక, సాక్ష్యం

ఉపోద్ఘాతం

ఆధ్యాత్మిక అంధత్వాన్ని గురించిన క్రైస్తవ చింతనకు యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయం ప్రధానమైన ఆధారం. పుట్టుగుడ్డి అయిన ఒక భిక్షకుడికి యేసు చూపునిస్తాడు. ఆ చూపు కారణంగానే అతడు విచారణకు గురై, చివరకు సమాజమందిరం నుంచి వెలికి గురవుతాడు. ప్రసంగాల్లో, భక్తిరచనల్లో ఈ కథ తరచుగా ఒక సూత్రంగా కుదించుకుపోతుంది: అవిశ్వాసం చీకటి, విశ్వాసం వెలుగు, విశ్వసించినవాడు చూసేవాడు, విశ్వసించనివాడు గుడ్డివాడు. ఈ సూత్రం కథకు పూర్తిగా విరుద్ధం కాదు. కాని కథ నడిచిన తీరును అది పట్టుకోలేదు.

అధ్యాయంలోని నలభై ఒక్క వచనాల్లో చూపు రావడాన్ని చెప్పడానికి మొదటి ఏడు చాలాయి. మిగిలిన ముప్ఫై నాలుగూ ఆ చూపును గురించిన వాదానికి, దాని పర్యవసానానికి వెచ్చించినవే. అద్భుతం చెప్పడమే రచయిత ఉద్దేశమైతే ఇంత విస్తరణ అనవసరం. ఇక్కడి ప్రధాన వస్తువు చూపు రావడం కాదు. చూపు వచ్చినవాడి మాటను చూపు ఉన్నవాళ్లు ఏం చేశారన్నది. ఈ అధ్యాయంలో అంధత్వమంటే తెలియకపోవడం కాదనీ, తెలుసుననే నిశ్చయంతో ఎదుటి మనిషి సాక్ష్యాన్ని కొట్టివేయడమేననీ నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం. ఈ అర్థాన్ని తెలుగు సమాజ చరిత్ర నేపథ్యంలో చదివినప్పుడు ‘వెలి’ అనే మాట కథకు కొత్త బరువు ఎలా తెస్తుందో కూడా పరిశీలిస్తుంది.

1. కథ తిరస్కరించిన ప్రశ్న

కథ ఒక ప్రశ్నతో మొదలవుతుంది. ఇతడు గుడ్డివాడుగా పుట్టడానికి పాపం చేసినది ఇతడా, ఇతని తల్లిదండ్రులా అని శిష్యులు అడుగుతారు. ప్రాచీన సమాజాల్లో ఇది అసహజమైన ప్రశ్న కాదు. అంగవైకల్యాన్ని నైతిక దోషానికి ఫలంగానో చిహ్నంగానో చూడటం తెలుగు పాఠకులకూ కొత్త కాదు. భారతంలో ధృతరాష్ట్రుని కంటిచూపు లేకపోవడాన్నీ, పుత్రవ్యామోహంతో ధర్మాన్ని చూడలేకపోవడాన్నీ కలిపి చెప్పుకోవడం మనకు అలవాటు. పూర్వజన్మ కర్మ అన్న భావన అదే ప్రశ్నకు మరొక సమాధానం.

యేసు ఆ రెండు ప్రత్యామ్నాయాలనూ తోసిపుచ్చుతాడు. కారణాన్ని వెనుకకు తవ్వే ప్రశ్నను పక్కన పెట్టి, జరగబోయే దైవకార్యం వైపు దృష్టిని మళ్లిస్తాడు. ఇక్కడ గమనించదగినది కథానిర్మాణం. ప్రారంభంలో శిష్యుల నోట వచ్చిన ఆ భావమే ముగింపుకు దగ్గరలో పరిసయ్యుల నోట తీర్పుగా మళ్లీ వినిపిస్తుంది. నువ్వు పుట్టుకతోనే పాపివి, మాకు బోధించడానికి వచ్చావా అన్న అర్థంలో వారు అతణ్ని నిందించి బయటికి తోసేస్తారు. శిష్యుల వద్ద సందేహంగా ఉన్నది అధికారం చేతికి వచ్చేసరికి శిక్షగా మారింది. యేసు ముందే తిరస్కరించిన వాదాన్నే వారు ఆశ్రయించారు గనుక, వారి తీర్పు చెల్లదని పాఠకుడికి ఎవరూ చెప్పనక్కరలేదు.

కనుక శారీరకమైన అంధత్వాన్ని పాపంతో సమానం చేసే వ్యాఖ్యానాలు ఈ అధ్యాయానికి విధేయమైనవి కావు. ఆ సమీకరణను రద్దు చేసిన తర్వాతనే రచయిత అంధత్వాన్ని రూపకంగా వాడుకున్నాడు. ఆ రూపకాన్ని కూడా కళ్లు లేనివాడి మీద కాక, కళ్లున్నవారి మీద ప్రయోగించాడు.

2. మట్టి, మాట, నీరు

స్వస్థత జరిగిన విధానంలోనూ విశేషముంది. యేసు నేల మీద ఉమ్మి, ఆ తడితో బురద చేసి, గుడ్డివాడి కన్నుల మీద పూసి, సిలోయము కోనేటికి వెళ్లి కడుక్కోమంటాడు. రెండో శతాబ్దికి చెందిన ఇరేనియస్ ఈ బురదను ఆదికాండంలో దేవుడు నేలమంటితో మనిషిని చేసిన ఘట్టంతో అనుసంధించాడు. పుట్టుకలో లోపించినదాన్ని సృష్టికర్త చేయి అదే పదార్థంతో పూరించిందని అతని వ్యాఖ్య.

భారతీయ సంప్రదాయంలో అజ్ఞానాంధకారానికి చికిత్సగా ప్రసిద్ధమైన రూపకం అంజనం. జ్ఞానమనే కాటుకను గురువు శలాకతో శిష్యుని కంటికి దిద్దుతాడు. అప్పుడు కన్ను తెరుచుకుంటుంది. అంజనం స్వభావతః కంటికి మేలు చేసే వస్తువు. బురద అలాంటిది కాదు. తెరిచి ఉన్న కంటిని సైతం మూసివేయగలది. అంజనం దిద్దిన చోటే ఫలితమిస్తుంది. ఇక్కడ బురద పూసుకున్నవాడు ఇంకా చీకటిలోనే నడిచి కోనేటికి చేరాలి. ఆ నడకకు ఆధారం ఒక మాట మాత్రమే. విశ్వాసమనే పదాన్ని రచయిత ఇంకా ప్రయోగించలేదు. దాని రూపాన్ని మాత్రం ఈ నడకలో చూపించాడు.

సిలోయము అనే పేరుకు పంపబడినవాడని అర్థమని సువార్తికుడే వివరిస్తాడు. ఈ సువార్తలో యేసు తనను పదేపదే తండ్రి పంపినవాడుగా చెప్పుకుంటాడు. యెరూషలేములోని ఆ కోనేరు కేవలం సంకేతం కాదు. రెండవ దేవాలయ కాలం నాటి దాని మెట్లు 2004లో తవ్వకాల్లో బయటపడ్డాయి. ఏడో అధ్యాయంలో మొదలైన పర్ణశాలల పండుగలో ఈ కోనేటి నీటినే దేవాలయానికి తెచ్చేవారు. ఆ పండుగ రాత్రుల్లో దేవాలయ ప్రాంగణంలో పెద్ద దీపాలు వెలిగించేవారు. నీరు, వెలుగు అనే రెండు ప్రతీకలూ ఆ పండుగ నుంచి ఈ కథలోకి ప్రవహించాయి. క్రైస్తవ సంఘం తొలి శతాబ్దాల్లోనే బాప్తిస్మాన్ని ‘వెలిగింపు’ అని పిలిచింది. రెండో శతాబ్దిలో జస్టిన్ రచన అందుకు సాక్ష్యం. బాప్తిస్మానికి సిద్ధమయ్యేవారికి ఈ అధ్యాయాన్ని చదివి వినిపించే ఆచారమూ ఏర్పడింది.

ఈ నిర్మాణంలో ఒక ముఖ్యమైన ఫలితం దాగి ఉంది. కోనేటి దగ్గర యేసు లేడు. చూపు వచ్చినవాడు తనకు చూపునిచ్చినవాణ్ని చూడలేదు. అతని గొంతు మాత్రమే విన్నాడు. ఎనిమిదో వచనం నుంచి ముప్ఫై నాలుగో వచనం వరకు, ఇరవై ఏడు వచనాల పాటు, యేసు రంగంలో లేడు. అంతసేపూ ఆ మనిషి తాను ఎన్నడూ చూడనివాణ్ని గురించి సాక్ష్యం చెబుతూ నిలబడ్డాడు.

3. ‘ఎరుగుదుము’ – ‘ఎరుగను’

విచారణ ఘట్టమంతా ఎరుగు అనే క్రియ చుట్టూ తిరుగుతుంది. గ్రీకు మూలంలో ఇక్కడ వాడిన క్రియ ‘ఓయిద’. చూడటమనే అర్థమున్న ప్రాచీన ధాతువు నుంచి ఇది పుట్టింది. సంస్కృతంలోని ‘వేద’ రూపానికి సోదరపదం. చూశాను కనుక తెలుసును అన్నది దాని అంతరార్థం. తెలుసునని చెప్పడమంటే చూశామని చెప్పుకోవడమే. అధ్యాయం చివర పరిసయ్యులు తాము చూస్తున్నామని చెప్పుకున్న మాటను యేసు వారి మీదికే తిప్పడానికి ఈ పదంలోనే బీజం పడింది. తెలుగు అనువాదంలోని ‘ఎరుగు’ ధాతువులో చూపుకు సంబంధించిన ఆ ఛాయ లేదు. అయినా ‘ఎరుక’ మన తాత్త్విక సాహిత్యంలో ఆత్మజ్ఞానానికి చిరపరిచితమైన పేరు. అందుచేత ఎరుక గలవారే చూపు లేనివారుగా తేలడం తెలుగు పాఠకుడికి మరొక దారిలో అంతే పదునుగా తాకుతుంది.

చూపు వచ్చినవాడికి తెలియనివి చాలా ఉన్నాయి. యేసు ఎక్కడున్నాడో తెలియదు. అతడు పాపియో కాదో తెలియదు. మనుష్యకుమారుడెవరో కూడా తెలియక అడుగుతాడు. అతడు తెలుసునన్నది ప్రధానంగా ఒక్కటే: నిన్నటి వరకు చూపు లేదు, ఇప్పుడు ఉంది. ఆ ఒక్కదానిని వదలకుండా పట్టుకోవడం వల్ల అతని మాట క్రమంగా విస్తరిస్తుంది. మొదట యేసు అతనికి ఒక మనిషి, తర్వాత ప్రవక్త, తర్వాత దేవుని వద్ద నుంచి వచ్చినవాడు, చివరకు ఆరాధ్యుడైన ప్రభువు. ఈ నాలుగు మెట్లలో మొదటిది ఇరుగుపొరుగు ప్రశ్న వల్ల, తర్వాతి రెండూ విరోధుల ప్రశ్నల వల్ల ఎక్కాడు. ఎవరూ అతనికి సిద్ధాంతం నేర్పలేదు. తనకు జరిగినదాన్ని కాదనమని ఒత్తిడి చేసిన ప్రతిసారీ దాని అర్థం అతనికి మరికొంత తేటపడింది.

పరిసయ్యుల నడక దీనికి వ్యతిరేకం. మొదట వారిలో భేదాభిప్రాయం ఉంది. విశ్రాంతిదినాన్ని పాటించనివాడు దేవుని నుంచి వచ్చినవాడు కాడని కొందరు, పాపి ఇలాంటి సూచకక్రియలు ఎలా చేస్తాడని మరికొందరు వాదించుకుంటారు. ఆ సందేహం వారిలో మిగిలిన చూపు. వారి అభ్యంతరం నిరాధారమైనది కూడా కాదు. విశ్రాంతిదినాన చేయకూడని ముప్ఫై తొమ్మిది పనుల్లో పిసకడం ఒకటని మిష్నా పేర్కొంటుంది. బురద కలపడం ఆ నిషేధం కిందికి వస్తుందని వాదించవచ్చు. అయితే కథ ముందుకు సాగేకొద్దీ ఆ సందేహం మాయమై, యేసు పాపి అని తమకు తెలుసునన్న నిశ్చయం మిగులుతుంది. ఆ నిశ్చయాన్ని కాపాడుకోవడానికి ఇతడు అసలు గుడ్డివాడే కాదేమోనని అనుమానించవలసి వచ్చింది. తల్లిదండ్రులను పిలవవలసి వచ్చింది. చివరకు సాక్షినే బయటికి తోయవలసి వచ్చింది. నియమం తెలియడం వారి దోషం కాదు. కళ్ల ముందున్న మనిషిని ఆ నియమంలో ఇమడ్చలేనప్పుడు నియమాన్ని పునరాలోచించక మనిషిని లేకుండా చేయడం వారి అంధత్వం.

తల్లిదండ్రుల పాత్ర ఈ రెండు కొసల నడుమ ఉంది. ఇతడు తమ కొడుకేననీ, గుడ్డివాడుగానే పుట్టాడనీ ఒప్పుకుంటారు. చూపు ఎలా వచ్చిందన్న మూడో ప్రశ్న దగ్గర తమకు తెలియదంటారు. కొడుకు అన్న తెలియదనే మాటకు, వీరు అన్న తెలియదనే మాటకు మాటలో తేడా లేదు. కొడుకు మాట నిజాయితీ, వీరి మాట భయం. ఆ భయానికి కారణాన్ని రచయిత వెంటనే చెబుతాడు: యేసును క్రీస్తుగా ఒప్పుకున్నవారిని వెలివేయాలని పెద్దలు నిర్ణయించారు.

4. వెలి అనే స్థలం

ఇక్కడ గ్రీకులో వాడిన ‘అపొసునగోగోస్’ అనే పదం కొత్త నిబంధన మొత్తంలో యోహాను సువార్తలో మాత్రమే, మూడు చోట్ల కనిపిస్తుంది. దీని ఆధారంగా జె. లూయిస్ మార్టిన్ 1968లో ప్రచురించిన గ్రంథంలో ఈ అధ్యాయాన్ని రెండు అంతస్తుల నాటకంగా వ్యాఖ్యానించాడు. పైకి యేసు కాలపు కథ. లోపల సమాజమందిరానికి దూరమైన సువార్తికుని సంఘం కథ. ఆ బహిష్కరణను చారిత్రక వాస్తవంగా గ్రహించడాన్ని అడెల్ రైన్‌హార్ట్జ్ వంటి పండితులు ప్రశ్నించారు. ఆమె అభ్యంతరంలో నైతికమైన కోణం కూడా ఉంది. యేసు, శిష్యులు, చూపు వచ్చినవాడు, అతని తల్లిదండ్రులు అందరూ యూదులే. ఈ అధ్యాయాన్ని ఒక జాతి గుడ్డిదన్న తీర్పుగా చదివిన క్రైస్తవ చరిత్ర ఘోరమైన ఫలితాలనే ఇచ్చింది. ఒక కుటుంబంలోని వివాదాన్ని ఒక జాతి మీద నేరారోపణగా మార్చడం కథను తలకిందులు చేయడమే.

తెలుగు బైబిలులో ఈ చర్యను చెప్పే క్రియ ‘వెలివేయు’. ఇది నిఘంటువుకు మాత్రమే పరిమితమైన మాట కాదు. వెలివాడ, వెలిబతుకు అనే మాటలు తెలుగు సమాజంలో ఒక నిర్దిష్టమైన చోటును, ఆ చోటులో తరతరాలుగా బతికిన మనుషులను సూచిస్తాయి. ‘వెలి’ అంటే బయట. ‘వెలుగు’ అంటే కాంతి. రెండింటికీ వ్యుత్పత్తి ఒకటేనని వాదించనక్కరలేదు. అయితే ఈ కథ చివరి దృశ్యంలో ఆ రెండూ ఒకే చోట కలుస్తాయి. అతణ్ని వెలివేశారని విని యేసు అతణ్ని వెతికి కనుగొంటాడు. ఇరవై ఏడు వచనాల పాటు కనిపించని వెలుగు వెలిలో కనిపిస్తుంది. తనకు చూపునిచ్చినవాణ్ని అతడు మొదటిసారి చూసినది అక్కడే. లోపల దొరకని దర్శనం బయట దొరికింది. వెలివేసినవారు తమకు తెలియకుండానే అతణ్ని వెలుగు ఉన్నచోటికి పంపించారు.

5. తెలుగు నేల మీద రెండు క్రమాలు

యోహాను కథలోని క్రమం ముందు వెలుగు, తర్వాత వెలి. తెలుగు క్రైస్తవ సాహిత్యంలో ఈ క్రమానికి దగ్గరగా నిలిచేవాడు పురుషోత్తమ చౌధరి (1803–1890). బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో బాప్తిస్మం పొంది, తెలుగులో అనేక క్రైస్తవ కీర్తనలు రచించాడు. కులధర్మంలో పుట్టినవాడికి ఆ రోజుల్లో బాప్తిస్మమంటే కులానికి బయట నిలబడటమే. కీర్తన అనే దేశీయ భక్తిరూపాన్ని కొత్త విశ్వాసానికి వాహకంగా చేసుకోవడం గమనిస్తే, అతడు వెలుగు కోసం భాషను, సంగీతాన్ని వదులుకోలేదని తెలుస్తుంది.

ఒంగోలు ప్రాంతంలో పందొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో జరిగినది దీనికి తలకిందులు. అక్కడ బాప్తిస్మం పొందినవారిలో అత్యధికులు మాదిగలు. వారు విశ్వసించినందువల్ల వెలికి గురైనవారు కాదు; పుట్టుకతోనే వెలిలో ఉన్నవారు. 1876–78 కరవు ముగిసే వేళకు, 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మమిచ్చినట్లు అమెరికన్ బాప్టిస్టు మిషన్ చరిత్ర నమోదు చేసింది. ఇన్ని వందలమంది అన్నం కోసం వచ్చారన్న ఆక్షేపణ ఆనాడే ఉంది. కరవు సహాయపు పనులు నడిచిన కాలంలో మిషనరీ జాన్ క్లఫ్ బాప్తిస్మాలు నిలిపివేయడానికి కారణం కూడా ఆ శంకే. సాక్షి పేదవాడు గనుక సాక్ష్యం నమ్మదగినది కాదన్న తర్కం ఇందులో దాగి ఉంది. యోహాను కథలో సాక్షి కూడా భిక్షకుడే. ఇరుగుపొరుగు అతణ్ని గుర్తుపట్టడానికే తటపటాయిస్తే, తానే అతణ్నని అతడు చెప్పుకోవలసి వచ్చింది. ఆ సందర్భంలో అతడు పలికిన రెండు గ్రీకు పదాలు ఈ సువార్తలో యేసు తనను తాను వెల్లడించుకునే పదాలే కావడం యాదృచ్ఛికం కాకపోవచ్చు. భిక్షకుడికి మొదట తిరిగి వచ్చినది చూపు అయితే, రెండోది ‘నేను’ అనగల శక్తి.

ఈ ఉద్యమానికి ఆద్యుల్లో ఒకడైన ఎర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం పొందాడు. అతడు అంతకుముందే రాజయోగ సాధన చేసినవాడు. మాదిగల మధ్య సాగిన ఇలాంటి అన్వేషణలను ఎమ్మా రౌషెన్‌బుష్ క్లఫ్ 1899లో ప్రచురించిన పుస్తకం వివరంగా నమోదు చేసింది. వెలివాడ అంతా చీకటి, వెలుగు ఓడల మీద వచ్చిందన్న మిషనరీ వాక్చాతుర్యానికి ఆ పుస్తకంలోని మనుషులే ఖండన. వారు వెలుగు కోసం వెతుకుతున్నవారు. యోహాను కథలో యేసు వెలివేసినవాణ్ని వెతికాడు. ఇక్కడ వెలిలో ఉన్నవారు సైతం వెతికారు.

వెలికి, చూపుకు గల సంబంధాన్ని ఆధునిక తెలుగు కవిత్వంలో మరొక దిశలో చూపినవాడు గుర్రం జాషువ (1895–1971). 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ఆయన ‘క్రీస్తు చరిత్ర’కు లభించింది. అయినా ప్రస్తుత చర్చకు ఎక్కువ ఉపకరించేది ‘గబ్బిలం’ (1941). అది క్రైస్తవ కావ్యం కాదు. అందులోని అరుంధతీసుతుడు తన మొర వినిపించాలనుకున్నది కాశీ విశ్వనాథునికి. ఆ మొర మోసుకుపోయేది గబ్బిలం. వెలుగులో తిరగని ప్రాణికి గుడిలో చోటుంది, మనిషికి లేదు. దీపాలు వెలిగే గర్భగుడి ఎదుట నిలిచిన మనిషిని చూడలేని ఆ వ్యవస్థను, చీకటి ప్రాణిని దూతగా నిలబెట్టి కవి ప్రశ్నించాడు. మతాలు వేరైనా ప్రశ్న ఒకటే: లోపల వెలుగుతున్న దీపం బయట నిలబడినవాడిని చూపలేకపోతే అది ఎవరికి దీపం?

6. రూపకం తిరగబడే చోటు

చూడనివారు చూడాలనీ, చూసేవారు గుడ్డివారు కావాలనీ తాను వచ్చానన్న భావంతో యేసు ఈ కథను ముగిస్తాడు. దగ్గరున్న పరిసయ్యులు తామూ గుడ్డివారమేనా అని అడుగుతారు. మీరు గుడ్డివారే అయితే మీకు పాపం లేకపోయేదనీ, చూస్తున్నామని చెప్పుకుంటున్నారు గనుక మీ పాపం నిలిచి ఉందనీ జవాబు వస్తుంది. ఈ జవాబులో ఆరోపణ గుడ్డితనం మీద లేదు; చూస్తున్నామన్న ప్రకటన మీద ఉంది. అంటే ఈ రూపకాన్ని ఎదుటివాడి మీద ప్రయోగించిన మరుక్షణం ప్రయోగించినవాడే దాని పరిధిలోకి వస్తాడు. మీరు చీకటిలో ఉన్నారు, మేము వెలుగులో ఉన్నాము అన్న వాక్యం ఈ అధ్యాయంలో పరిసయ్యుల స్థానంలో నిలబడి చెప్పదగిన వాక్యం.

ఈ హెచ్చరిక వలసకాలపు మిషనరీ రచనలకు వర్తిస్తుంది. తెలుగు క్రైస్తవ సంఘానికీ వర్తిస్తుంది. వెలివాడల నుంచి పెరిగిన సంఘాల్లోనూ కులభేదాలు సమసిపోలేదు. పెళ్లి సంబంధాల్లోనూ నాయకత్వంలోనూ పాత గోడలు చాలా చోట్ల నిలిచే ఉన్నాయి. వెలుగు పొందామని చెప్పుకునే సంఘం తన ముందు నిలిచి సాక్ష్యం చెప్పే మనిషిని పుట్టుకను చూపి తోసేసిన రోజున, నువ్వు మాకు బోధిస్తావా అన్న పాత వాక్యాన్నే మళ్లీ పలికినట్లు. అప్పుడు యోహాను కథ ప్రకారం యేసు ఉండేది మందిరంలో కాదు, తోసేసినవాడి పక్కన.

దీన్ని బట్టి విశ్వాసానికి, జ్ఞానానికి శత్రుత్వం ఉందని అనుకోవడం తొందరపాటు. చూపు వచ్చినవాడు తర్కించగలడు. పాపుల మనవి దేవుడు వినడన్న పరిసయ్యుల సొంత సూత్రాన్నే తీసుకుని వారిని నిరుత్తరులను చేస్తాడు. అధ్యాయంలోకెల్లా దృఢమైన వాదన అతనిదే. అయితే ఆ తర్కం అనుభవానికి సేవ చేస్తుంది. ఎదుటివారి తర్కం అనుభవాన్ని అణచివేస్తుంది.

ముగింపు

యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో వెలుగు ఒకరి సొత్తు కాదు. అది నడవడం ద్వారా, కడుక్కోవడం ద్వారా, తెలియదని ఒప్పుకోవడం ద్వారా, తెలిసిన ఒక్కదానిని భయపడకుండా చెప్పడం ద్వారా క్రమంగా విస్తరించేది. అంధత్వం జన్మతో వచ్చినది కాదు. సందేహానికి చోటు లేని నిశ్చయంతో మనుషులు తెచ్చుకున్నది. తెలుగులో ‘కను’ అనే మాటకు చూచుటయని, ప్రసవించుటయని రెండు అర్థాలున్నాయి. రూపసామ్యం మాత్రమే అయినా, పుట్టుకతో చూపు లేనివాడు మళ్లీ పుట్టినట్టుగా చూసిన ఈ కథకు అది సముచితమైన మాట. అయితే ఆ పుట్టుకకు సాక్షులు కావలసినవారు దాన్ని అంగీకరించలేదు. వారు తలుపు మూశారు. తెలుగు నేల మీద ఆ తలుపుకు బయట ఎవరు నిలబడ్డారో, ఇప్పటికీ ఎవరు నిలబడి ఉన్నారో గుర్తించినప్పుడే ఈ అధ్యాయాన్ని తెలుగులో చదివినట్లు.